ఆరో మనిషి

మరిచిపోయిన వాళ్ళెవరైనా ఉంటే ఒక్క మాట. పోయిన వారం మన కత్తెరని బడి వరండాలో, చేతిలో తడి తువ్వాలుతో, నోట మాట రాకుండా నిలబెట్టి వదిలేశాం. ఈ కథ మొదలైన దగ్గర్నుంచి ఆమెకి నోట మాట రాకపోవడం అదే మొదటిసారి కాబట్టి, కారణం గట్టిదేనని మీరు ఊహించే ఉంటారు. కారణం స్టెప్నీ. స్నానం చేసి, తల దువ్వుకుని, ఈల వేసుకుంటూ వస్తున్నాడు. ఒంటి మీద ఉండాల్సిన పసుపు కోటు లేదు. నెత్తి మీద మాత్రం ఒక పచ్చ టోపీ ఉంది. టోపీకి ముందువైపు జానెడు పొడుగున గుడ్డతో కుట్టిన పక్షి ముక్కు ఉంది.

ఈ వారమే కొత్తగా చదువుతున్న వాళ్ళ కోసం ఇంకో నాలుగు మాటలు చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. దేశదేశాల కతోలిక యువజనులు ఒక్కచోట కలిసే పెద్ద యాత్ర ఇది. లక్షల మంది వచ్చి ఆ మహానగరంలో దిగారు. మన విచారణ గుడి, అంటే మన ఊరి చర్చి నుంచి వచ్చింది పదకొండు మంది. ఒక బడిలో బస ఇచ్చారు. బెంచీలన్నీ గోడవారకి నెట్టి, నల్లబల్ల కింద వరసగా పరుపులు పరుచుకున్నారు. ఐదు రోజులు పాటలతో, ప్రసంగాలతో, జపమాలతో గడిచిపోయాయి. ఇవాళ శనివారం. మధ్యాహ్నం రెండింటికి అందరూ కాలినడకన ఊరి బయట మైదానానికి బయల్దేరాలి. రాత్రికి అక్కడే జాగరణ, రేపు ఉదయం పెద్ద పూజ. ఆ పూజలో పీఠం ముందు బుట్టలు పెడతారు. ఇంటి దగ్గర్నుంచి ఎవరెవరు ఏ విన్నపాలు రాసి పంపారో, ఆ చీటీలన్నీ ఆ బుట్టల్లో వేయాలి.

కత్తెర దర్జీ, దర్జీ కూతురు. గుడ్డనీ మనిషినీ ఒకే వేగంతో కత్తిరిస్తుంది కాబట్టి ఆ పేరు నిలిచింది. పదకొండు మందికీ చేతుల్లేని పసుపు కోట్లు కుట్టింది ఆమే. స్టెప్నీ స్కూటర్ల మెకానిక్. బయల్దేరడానికి వారం ముందు ఒకతను మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే, ఆ ఖాళీలో ఇతన్ని ఎక్కించారు. అప్పటి నుంచి అతని అసలు పేరు అతనే మరిచిపోయాడు.

"కోటేది?" అంది కత్తెర, మాట తిరిగి రాగానే.

"ఇచ్చేశానక్కా."

"ఎవరికి?"

"టోపీ బావకి."

స్టెప్నీకి ప్రపంచంలో మగవాళ్ళంతా బావలే. భాష రాకపోయినా వరస మాత్రం ముందే కలిపేస్తాడు. "నిన్న అన్నం దగ్గర వాన పట్టుకుంటే మీరంతా తలో చెట్టు కిందికీ పరుగెత్తారు కదా. పాపం సన్నటి చొక్కా ఒకటే వేసుకుని గజగజ వణుకుతున్నాడు. నాకెలాగూ వానకోటు ఉంది. అందుకని పసుపుది విప్పి ఇచ్చేశాను. ఇక్కడ అందరూ మార్చుకుంటున్నారు కదా, బ్యాడ్జీలూ జెండాలూ. అతను ఊరుకుంటాడా, నెత్తి మీద టోపీ తీసి నాకు పెట్టాడు. బాగుందా?"

ఆ తర్వాత నిన్నంతా వానకోటు ముసుగులోనే తిరిగాడు కాబట్టి లోపల ఏముందో, ఏం లేదో ఎవరూ చూడలేదు. కత్తెర చేతిలో తువ్వాలు కింద పడింది.

"చీటీలు," అంది. "నలభై మూడు చీటీలు. నీ కోటు లైనింగులో ఉన్నాయి."

వరండాలో పళ్ళు తోముకుంటున్న వాళ్ళు తోమడం ఆపారు. టీచరమ్మ తలుపులోంచి తొంగి చూసింది. ఈమె ఊళ్ళో చిన్నపిల్లల బడి టీచరు, ఇక్కడ ఈ గుంపుకి పెద్ద. రోజుకి ఆరుసార్లు పదకొండు మందినీ లెక్కపెడుతుంది, తన్ను తాను లెక్కేసుకోవడం మరిచిపోయి పది వచ్చిందని కంగారు పడుతుంది. చీటీలు కత్తెర దగ్గర భద్రంగా ఉన్నాయని ఆమెకి తెలుసు. ఎక్కడ ఉన్నాయో తెలియదు.

"నా కోటులోనా? నాకు తెలియకుండానా?" అన్నాడు స్టెప్నీ.

"నీ వీపు వెడల్పు. చీటీలు పరిచి కుట్టినా ఉబ్బు కనబడదు. సంచిలో పెడితే సంచి పోవచ్చు. నువ్వు ఒక బట్ట తొడిగితే చిరిగేదాకా విప్పవని ఊరంతటికీ తెలుసు."

"అయితే చెప్పొచ్చుగా."

"నీ కడుపులో మాట ఆగుతుందా? చీటీలు పట్టుకుని తిరుగుతున్నానని దారిపొడుగునా చాటింపు వేసేవాడివి."

ఎవరో కిసుక్కున నవ్వి, స్టెప్నీ మొహం చూసి ఆగిపోయారు. ఎందుకంటే స్టెప్నీ నవ్వడం లేదు. ఐదు రోజులుగా అతను నవ్వకుండా ఉన్న క్షణం ఎవరికీ గుర్తు లేదు. అతను నెమ్మదిగా ముక్కు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఐదు రోజులు నన్ను హ్యాంగర్‌లాగా వాడుకున్నావన్నమాట," అన్నాడు. "సరే, నాకు నోరు ఎక్కువే. కానీ చలికి వణికే వాడికి కోటు ఇవ్వమనే కదక్కా గుడిలో నాకు చిన్నప్పటి నుంచి చెప్పింది. చెప్పి ఉంటే చీటీలు తీసి పెట్టుకుని కోటు ఇచ్చేవాణ్ణి. నేను తప్పు చేయలేదు. తప్పు చేసినవాడిలా నేను నిలబడేలా నువ్వు చేశావు."

కస్టమర్ తెచ్చిన కొత్త బట్టని కొలత చూసుకోకుండా కోసేసినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది కత్తెరకి. కోసింది తనే, అతికించడం తన చేతిలో లేదు. ఏడుపు వచ్చింది. అందరి ముందూ ఏడవడం ఇష్టం లేక తువ్వాలు తీసి మొహం తుడుచుకుంది, అది ముందే తడిగా ఉంది కాబట్టి ఎవరూ కనిపెట్టలేదనుకుంది. అందరూ కనిపెట్టారు.

నలభై మూడు చీటీలనీ నలభై మూడు మంది ఆమె చేతిలో పెట్టి, ఎవరూ చదవకూడదని ఒట్టు వేయించుకున్నారు. నలభై రెండు పోతే ఊళ్ళో మొహం చెల్లదు. నలభై మూడోది పోతే ఆమెకి ఇంట్లోనే చెల్లదు. అది వాళ్ళ నాన్నది.

వాళ్ళ నాన్న గుడి మెట్టు ఎక్కి తొమ్మిదేళ్ళయింది. కత్తెరకి ఒక అక్క ఉండేది. చేతిలో పని నాన్న కంటే ఒక పిసరు ఎక్కువే అని కస్టమర్లు గుసగుసలాడేవారు, ఆ గుసగుస నాన్న చెవిన పడేది. ఒకరోజు ఒక పెళ్ళిగౌను నాన్న గీసిన గీత మీద కాకుండా తను అనుకున్నట్టు కోసింది అక్క. గౌను బాగా వచ్చింది, అదే గొడవ. "నా బల్ల మీద ఇంక చెయ్యి వేయకు," అన్నాడు నాన్న, దుకాణం నిండా జనం ఉండగా. అక్క మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. సాయంత్రానికి వస్తుందని నాన్న రెండు చాయలు తెప్పించి కూర్చున్నాడు. రాలేదు. ఏడాది తిరిగాక ఒక ఉత్తరం వచ్చింది, నాన్న జవాబు రాయనివ్వలేదు, ఆ తర్వాత ఉత్తరాలు రాలేదు. ఆదివారం గుడికి వెళితే పెద్దమ్మాయి ఏదని అడుగుతున్నారని గుడీ మానేశాడు.

అలాంటి మనిషి, ఈమె బయల్దేరే రోజు పొద్దున, కటింగుకి వాడే ఖాకీ కాగితం ముక్క ఒకటి మడిచి గుండుసూది గుచ్చి తెచ్చాడు. "ఇది కూడా పెట్టు," అని మిషను వైపు తిరిగిపోయాడు. అంతే. ఆ ఖాకీ మడతలో ఏముందో కత్తెర చదవలేదు. ఎంత చదవాలనిపించిందో మాత్రం దేవుడికి తెలుసు.

"సరే, ఏడుపు అయిందా," అన్నాడు స్టెప్నీ. గొంతులో కోపం ఇంకా ఉంది కానీ, అతని కోపానికి ఎక్కువసేపు నిలబడే అలవాటు లేదు. "అయితే బావని పట్టుకోవాలి. ఇన్ని లక్షల మందిలో ఎలా పట్టుకుంటాం?"

"అతను మనకి ఎలా తగిలాడు?" అని అడిగింది టీచరమ్మ.

"ఆరో మనిషిగా."

ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఆ యాత్రలో భోజనం అట్టపెట్టెల్లో ఇస్తారు. పెట్టెకి ఆరుగురు. ఐదుగురు వెళితే ఇవ్వరు, ఏడుగురు వెళితే ఒకరిని పక్కకి పొమ్మంటారు. ఒకే ఊరివాళ్ళు ఒకే చోట మూగి కూర్చోకుండా, తక్కువ పడిన చోట ఎవరో కొత్తవాళ్ళు వచ్చి కలవాలని ఆ ఏర్పాటు. మనవాళ్ళు పదకొండు మంది. ఆరుగురికి ఒక పెట్టె, మిగిలిన ఐదుగురికి ప్రతి పూటా ఒక మనిషి తక్కువ. ఆ ఆరో మనిషిని పట్టుకొచ్చే పని స్టెప్నీది. పేరుకి తగ్గ పని అని మొదటి రోజే అప్పగించారు. ఐదు రోజుల్లో అతను తెచ్చిన వాళ్ళలో ఒక నర్సు, ఇద్దరు కవల సోదరులు (వాళ్ళని విడదీయలేక ఆ పూట ఏడుగురు ఆరుగురిలా నటించారు), సగం భోజనం సేపు నిద్రపోయిన ఒక బ్రదర్‌గారు, నిన్నటి టోపీ బావ ఉన్నారు.

"మొహం గుర్తుందక్కా. గుండ్రంగా ఉంటుంది, గడ్డం ఉంటుంది..."

"మొహం వద్దు," అంది కత్తెర. ఆమె గొంతు మళ్ళీ దుకాణంలోని గొంతయింది. "గుండ్రటి మొహాలు, గడ్డాలు ఇక్కడ వేలున్నాయి. భుజాలు చెప్పు."

స్టెప్నీ కళ్ళు మూసుకున్నాడు. "ఎడమది కిందికి ఉంటుంది. ముందు చక్రం ఫోర్కు వంగిన బండిలాగా కొంచెం ఎడమ పక్కకి లాగుతాడు నడిచేటప్పుడు."

"ఎడమ భుజానికి బరువు వేసి మోసే అలవాటు. ఏం మోస్తాడు?"

"డ్రమ్ము. పెద్దది. ఆ, డ్రమ్ము వాళ్ళ బడిలో పెట్టి వచ్చానని సైగ చేశాడు, తడుస్తుందని."

"బొత్తాలు పడ్డాయా?"

"పై రెండు పడ్డాయి. మూడోది మొండికేసింది."

కత్తెర మొహం పాలిపోయింది. "నీకే వదులుగా కుట్టాను. నీకు వదులైంది అతనికి బిగుతైతే, చేయి పైకెత్తి డ్రమ్ము కొట్టగానే పక్క కుట్టు పిగులుతుంది. పిగిలితే చీటీలు రోడ్డు మీదే."

పదకొండున్నరకే పార్కుకి చేరుకున్నారు. భోజనాల బల్లలు చెట్ల కింద వరసగా వేసి ఉన్నాయి, ఒక్కో బల్ల వెనక ఆకుపచ్చ చొక్కాల వాలంటీర్లు పెట్టెలు పేరుస్తున్నారు. పాటలు, జెండాలు, ఈలలు, తప్పిపోయిన స్నేహితుల కోసం కేకలు. ఎడమ భుజం వాలిన ప్రతి మనిషి వెనకా కత్తెర పరుగెత్తింది. ఒకరి వాలు బరువైన సంచి వల్ల వచ్చింది, సంచి దించగానే భుజం సర్దుకుంది. ఇంకొకరు తమ కోటు కొనడానికి వచ్చిందనుకుని ధర చెప్పబోయారు.

స్టెప్నీకి వేరే కష్టం వచ్చి పడింది. నాలుగైదు రోజులుగా అతని ముక్కుసూటి ఆహ్వానం చూసినవాళ్ళు ఇవాళ తమంతట తామే వస్తున్నారు. గిటారు పట్టుకున్న ఒక అమ్మాయి వచ్చి ఆరు వేళ్ళు చూపించి తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నిద్రపోయే బ్రదర్‌గారు కూడా వచ్చారు.

"లేదండీ, ఇవాళ సీటు రిజర్వయింది," అని స్టెప్నీ అచ్చ తెలుగులో, చేతులు జోడించి, ప్రతి ఒక్కరికీ చెప్పుకున్నాడు. వాళ్ళకి మాట అర్థం కాలేదు కానీ బాధ అర్థమైంది. బ్రదర్‌గారు అతని తల మీద చెయ్యి పెట్టి దీవించి వెళ్ళిపోయారు.

పన్నెండున్నర అయింది. మొదటి ఆరుగురూ పెట్టె తెచ్చుకుని రొట్టె, చేప డబ్బా, ఆపిల్ పళ్ళు పంచుకున్నారు. మిగిలిన ఐదుగురికీ ఆకలి వేస్తోంది, అయినా ఎవరూ ఆ మాట అనలేదు. కత్తెర గడ్డి మీద కూలబడింది. స్టెప్నీ పక్కనే కూర్చున్నాడు, టోపీ ముక్కు ఆమె వైపు రాకుండా పక్కకి తిప్పుకుని.

"స్టెప్నీ, నిన్ను అడగకుండా నీ వీపు మీద బరువు పెట్టాను. తప్పు నాదే."

"ఊరుకో అక్కా. నలభై మూడు విన్నపాలు ఐదు రోజులు మోశానని తెలిస్తే మా అమ్మ మురిసిపోతుంది. జన్మలో మొదటిసారి పనికొచ్చానంటుంది." టోపీ సర్దుకుంటూ అడిగాడు. "అందులో మా అమ్మది కూడా ఉందా?"

"ఉంది."

"ఏం రాసిందో..."

"చూడలేదు."

"చూడక్కర్లేదు. నాకు పెళ్ళి కావాలని రాసి ఉంటుంది."

కత్తెరకి నవ్వొచ్చింది. నవ్వుతూ తలెత్తేసరికి ఎదురుగా ఎడమ భుజం వాలిన మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. గుండ్రటి మొహం, గడ్డం. ఒంటి మీద కోటు లేదు. అరచేతుల మీద పళ్ళెం పట్టుకున్నట్టుగా, నాలుగు మడతలు వేసిన పసుపు గుడ్డ ఒకటి పట్టుకుని ఉన్నాడు.

"బావా," అంటూ స్టెప్నీ లేచి అతని మీద పడ్డాడు. అతను గడగడా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. టీచరమ్మ పరుగున వెళ్ళి, మొదటి పెట్టె వాళ్ళతో కూర్చున్న మన విచారణ ఫాదర్‌గారిని పిలుచుకొచ్చింది. ఫాదర్‌గారు చదువుకునే రోజుల్లో ఆ భాష రెండేళ్ళు నేర్చుకున్నారు, ఇప్పుడు సగమే మిగిలింది. ఆ సగం చాలింది.

"పొద్దున్నుంచి మన కోసమే వెతుకుతున్నాడట. ఇది తిరిగి ఇచ్చేయాలట."

కత్తెర కోటు అందుకుంది. చేతికి తగలగానే లోపల కాగితం చప్పుడు వినిపించి కళ్ళు చెమర్చాయి. పక్క కుట్టు చూసింది. తను కుట్టింది పసుపు దారంతో. ఇప్పుడు చంక కింద నుంచి అంచు దాకా ఆకుపచ్చ దారం ఉంది. ఎవరో విప్పి మళ్ళీ కుట్టారు. బాగానే కుట్టారు అనుకుంటూ అలవాటు కొద్దీ కుట్టు చివర వేలితో తడిమింది.

వేలు అక్కడే ఆగిపోయింది. చివర మూడు కుట్లు వెనక్కి వచ్చి, ముడి లోపలి మడతలోకి దూరి ఉంది. బయటికి కనబడని ముడి. ఏ బట్ట మీదైనా అదే వాళ్ళ దుకాణం గుర్తు. నాన్న పెట్టిన పద్ధతి, బయటివాళ్ళకి ఎవరికీ నేర్పలేదు. ఆ ముడి వేయడం ముగ్గురికే వచ్చు. ఒకరు నాన్న. ఒకరు తను.

"ఫాదర్‌గారూ, ఇది ఎవరు కుట్టారో అడగండి," అంది.

అడిగారు. అతను చేతులు తిప్పుతూ చెప్పాడు, ఫాదర్‌గారు మధ్యమధ్య తడుముకుంటూ తెలుగు చేశారు. నిన్న సాయంత్రం డ్రమ్ము కొడుతుంటే కోటు పక్కన పిగిలిందట. అతను బస చేసిన బడిలో యాత్రికుల సంచులూ బట్టలూ బాగుచేయడానికి ఒక బల్ల పెట్టారట. ఆ పేటలో బట్టలు సరిచేసే దుకాణం నడుపుకునే ఆవిడ వచ్చి కూర్చుంటోందట. కోటు చేతికివ్వగానే తిరగేసి అంచు చూసిందట. చూసి మిషను ఆపేసిందట. తర్వాత లైనింగు మొత్తం విప్పి, లోపలి కాగితాలు బయటికి తీసి బల్ల మీద పేర్చుకుందట.

"మళ్ళీ కుట్టి, ఇది ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇచ్చేయమందట. ఇచ్చినవాళ్ళలో ఒక పొట్టి అమ్మాయి ఉందా, చేతులు తిప్పుతూ మాట్లాడుతుందా అని అడిగిందట. నాతో రండి అని ఇతను అంటే, నేను రాను, రావాలనుంటే ఆమే వస్తుంది అందట."

ఆ మొండితనం ఎక్కడిదో కత్తెరకి చెప్పక్కర్లేదు. ఇంట్లో మిషను ముందు రోజూ కూర్చునే ఉంటుంది.

నడుముకి కట్టుకున్న చిన్న సంచిలోంచి దారాలు తుంచే కత్తెర తీసి పచ్చ కుట్టు విప్పింది. చీటీలు గడ్డి మీద పరిచిన టీచరమ్మ చున్నీలో పడ్డాయి. టీచరమ్మ లెక్కపెట్టింది. ఇంకోసారి లెక్కపెట్టింది. "నలభై మూడు," అంది. అందరూ చప్పట్లు కొట్టారు, పక్క గుంపుల వాళ్ళు ఎందుకో తెలియకుండానే తామూ కొట్టారు. స్టెప్నీ బావని ఎత్తబోయి ఎత్తలేక వదిలేశాడు.

కత్తెర ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. చీటీల్లో ఖాకీ కాగితం లేదు. నలభై మూడోది తెల్ల కాగితం, దుకాణాల్లో కొలతలు రాసుకునే పొడుగు ముక్క. దాని మీద పెన్సిలుతో వరసగా అంకెలు ఉన్నాయి. భుజం పదమూడున్నర. చెయ్యి పద్దెనిమిది. నడుము ఇరవై నాలుగు. పొడవు ముప్పై ఆరు.

ఆ కొలతలు ఒక పదహారేళ్ళ పిల్లవి. ఆ పిల్ల తనే. వెళ్ళిపోవడానికి ముందు వారం, పుట్టినరోజు గౌను కుడతానని అక్క బల్ల పక్కన నిలబెట్టి తీసిన కొలతలు. అంకెల కింద, ఇంకా పూర్తికాని పనికి వాళ్ళ దుకాణంలో రాసుకునే రెండు మాటలు ఉన్నాయి. "ఇంకా కుట్టలేదు."

కత్తెర ఆ కాగితం పట్టుకుని లేచి నిలబడింది. "ఆ బడి ఎక్కడ?"

వంతెన దాటి అవతలి గట్టున ఉంది. రోడ్లన్నీ నడకకి మూసేశారు, బస్సులు లేవు, జనానికి ఎదురెళ్ళాలి, గంట పైనే పడుతుంది. బావ ఇంకో మాట కూడా చెప్పాడు. యాత్రికులంతా మైదానానికి వెళ్ళిపోతారు కాబట్టి మూడింటికి ఆవిడ బల్ల తీసేసి వెళ్ళిపోతుంది. దుకాణం ఏ వీధిలో ఉందో అతనికి తెలియదు. అప్పుడు టైము ఒంటిగంటన్నర.

"గుంపు రెండింటికి బయల్దేరుతుంది," అంది టీచరమ్మ. "ఒక్కదాన్ని నేను పంపను. రేపు బుట్టలో చీటీలు వేసే పని కూడా నీదే. మాటిచ్చింది నువ్వు."

నిజమే. నలభై రెండు మందికి మాటిచ్చింది. ఒక్కరికి కొలతలిచ్చింది. కత్తెర గడ్డి మీద మోకరించి నలభై రెండు చీటీలు తన చేతిరుమాలులో మూట కట్టింది. మూట తీసుకెళ్ళి స్టెప్నీ చేతిలో పెట్టింది.

"నాకా?" అన్నాడు స్టెప్నీ.

"నీకే. ఈసారి చెప్పి ఇస్తున్నాను. రాత్రి ఎవరైనా వణుకుతూ కనిపిస్తే చొక్కా ఇచ్చెయ్యి, ఇది మాత్రం తీసి పెట్టుకో."

స్టెప్నీ మూట చొక్కా లోపల, గుండె దగ్గర దోపుకుని మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పనక్కా," అన్నాడు, చుట్టూ నిలబడి చూస్తున్న తొమ్మిది మంది ముందు. ఫాదర్‌గారు కూడా నవ్వేశారు.

ఒక్కదాన్ని పంపనన్న చిక్కు బావ తీర్చాడు. అతని డ్రమ్ము ఆ బడిలోనే ఉంది, అది తెచ్చుకుని అతనూ మైదానానికే రావాలి. టీచరమ్మ ఆలోచించి, ఫాదర్‌గారిని చూసి, చివరికి తల ఊపింది. అప్పుడు స్టెప్నీ ఇద్దరినీ ఆపి బల్ల దగ్గరికి పరుగెత్తాడు. ఐదుగురూ బావా కలిసి ఆరుగురు, పెట్టె ఇచ్చారు. రెండు రొట్టెలు, రెండు ఆపిల్ పళ్ళు దారిలో తినమని వాళ్ళ చేతుల్లో కుక్కి పంపాడు.

ఊరంతా మైదానం వైపు కదులుతోంది. పాటలు పాడుతూ ఎదురొస్తున్న వేలమంది మధ్యలోంచి ఇద్దరే వెనక్కి నడిచారు. దారి తప్పారనుకుని ప్రతి పదిమందిలో ఒకరు చేయి చూపించి, ఇటు కాదు అటు అని నవ్వుతూ చెప్పారు. బావ వాలిన భుజంతో దారి చేస్తుంటే కత్తెర అతని వెనకే పరుగులాంటి నడక నడిచింది. రొట్టె చేతిలోనే ఉంది, కొరకడం గుర్తు రాలేదు. ఏం మాట్లాడాలో వంతెన పొడుగునా అనుకుంది. వంతెన దిగేసరికి అంతా మరిచిపోయింది.

బడి గేటు దాటేసరికి మూడుకి పది నిమిషాలు తక్కువ. గదులు ఖాళీగా ఉన్నాయి. వరండా చివర మిషను చప్పుడు వినిపిస్తోంది. మూడు కుట్లు, చిన్న విరామం, మళ్ళీ మూడు. కత్తెర కాళ్ళు ఆగిపోయాయి. బావ ఆమెని చూసి, వరండా చివర చూసి, డ్రమ్ము తెచ్చుకునే మిషతో పక్క గదిలోకి తప్పుకున్నాడు.

మిషను ముందు ఒకావిడ అటు తిరిగి కూర్చుని ఉంది. జడ స్థానంలో పొట్టి జుట్టు వచ్చింది, మెడలో టేపు మాత్రం అలాగే ఉంది. కుట్టు అయ్యాక దారం కత్తెరతో తుంచకుండా పళ్ళతో కొరికింది. ఆ అలవాటు మానమని నాన్న వెయ్యిసార్లు కేకలేశాడు.

అడుగుల చప్పుడుకి ఆవిడ తల తిప్పలేదు.

"భుజం పదమూడున్నర రాశాను," అంది. "ఇప్పుడెంత?"

"పద్నాలుగు," అంది కత్తెర. తొమ్మిదేళ్ళ తర్వాత అక్కతో అన్న మొదటి మాట అది. అక్క లేచి, కుర్చీ పడిపోయినా చూసుకోకుండా వచ్చి చెల్లెల్ని గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు, కాసేపు నవ్వారు, చేతిలో నలిగిపోయిన రొట్టెని చూసి మళ్ళీ నవ్వారు.

తర్వాత అక్క కళ్ళు తుడుచుకుని, మిషను పెట్టె సొరుగు లాగి ఖాకీ కాగితం బయటికి తీసింది. గుండుసూది ఇంకా దానికే ఉంది.

"మిగిలినవి విప్పి చూడలేదు. ఇది నాన్న కాగితం కాబట్టి తీశాను. నువ్వు చదివావా?"

"లేదు. చదవనని మాటిచ్చాను. నీ కోసమే రాసి ఉంటాడక్కా. తొమ్మిదేళ్ళుగా నీ కోసమే..."

అక్క అడ్డంగా తల ఊపింది. పెదవుల మీద నవ్వు ఉంది, ఆ నవ్వు ఎలాంటిదో కత్తెరకి అంతుపట్టలేదు.

"నేనూ అలాగే అనుకుని విప్పానే చిన్నీ. ఇందులో నా పేరే లేదు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా నీ గురించే ఉంది." కిందపడ్డ కుర్చీ ఎత్తి నిలబెట్టి, చెల్లెల్ని భుజాలు పట్టి దాంట్లో కూర్చోబెట్టింది. "చదువుతాను, విను. మొదటి మాటకే లేచి పరుగెత్తకు."

అక్క ఖాకీ కాగితం మడత విప్పింది.